అవే గోలు, అదే గోల

త్యాగరాజు గారికి లోకంలో ఒకే ఒక్క న్యాయం తెలుసు. ఇద్దరు సరిసమానంగా నిలిచినప్పుడు, సొంతచోటు వదిలి బయటికెళ్ళి ఎక్కువ సాధించినవాడిదే గెలుపు. ఫుట్‌బాల్‌లో దీన్ని అవే గోల్ నిబంధన, అంటే పరాయి మైదానంలో వేసిన గోలు నిబంధన, అంటారు. ఫుట్‌బాల్ వాళ్ళు దాన్ని ఫుట్‌బాల్‌కి వాడుకుని ఊరుకుంటారు. మా త్యాగరాజు గారు కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి ఆఫీసులో కుర్చీల పంపకం దాకా అన్నిటికీ వాడేవారు.

ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాటుకి వారిది ఎదురు ఫ్లాటు. ఆయనా నేనూ చెరో మంత్రిత్వ శాఖలో ఫైళ్ళు మోసేవాళ్ళం. ఆయన "అవే గోలు" అని నోరు తెరవగానే భార్య అరుంధతి గారు "మళ్ళీ అదే గోల" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. సొసైటీలో తెలుగువాళ్ళందరికీ ఆయన 'అదే గోల గారు' అయిపోయారు. ఆ సంగతి తెలిసి ఆయన కోపం తెచ్చుకోలేదు సరికదా, నిబంధన మన భాషలో కలిసిపోయిందని మురిసిపోయారు.

గేటు దగ్గర ఇద్దరు కూరగాయల బండివాళ్ళు ఒకే ధర చెబితే, ఈయన ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందని విచారించేవారు. ఒకడు పక్క సెక్టారు, ఇంకొకడు నజఫ్‌గఢ్ దాటి అవతల. "తుమ్ బాహర్ సే ఆయే హో భయ్యా, తుమ్ జీతే" అని బయటినుంచి వచ్చిన రెండోవాడి దగ్గర కొనేవారు. ఏం గెలిచాడో వాడికి పాపం ఎన్నడూ అర్థం కాలేదు. అయినా సంతోషించి గుప్పెడు పచ్చిమిరపకాయలు ఊరికే వేసేవాడు. ఆఫీసులో కూలర్ పక్క సీటు కోసం ఇద్దరు సమాన సీనియర్లు కొట్టుకుంటే, ఈటానగర్‌లో పనిచేసి వచ్చినవాడికి ఇప్పించారట. ఈటానగర్‌లో రాసిన ప్రతి నోటూ అవే గోలేనట.

మా తెలుగు సంఘం అధ్యక్షులు అనంతరామయ్య గారు ఒకసారి, బయట వేసిన గోలు రెండుగా లెక్క కదా అన్నారు. త్యాగరాజు గారికి అంత కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. రెండూ కాదు, ఒకటిన్నరా కాదు, ఒకటే. రెండు ఆటలూ కలిపి లెక్క సమానమైతేనే, ఎవరు బయట ఎక్కువ వేశారో చూస్తారు. ఈ ముక్క మా బుర్రలకి ఎక్కించడానికి ఆయన వడలు పట్టుకున్నారు.

"భీమేశ్వరరావు గారూ, మా ఇంట్లో నేను మూడు వడలు తిన్నాను, మీరు రెండు తిన్నారు. వచ్చే వారం మీ ఇంట్లో మీరు రెండు, నేను ఒకటి. మొత్తం ఎంత?"

"చెరి నాలుగు" అన్నాను.

"అయితే మీరు గెలిచినట్టు. మా ఇంట్లో మీరు రెండు తిన్నారు, మీ ఇంట్లో నేను ఒకటే తిన్నాను. సొంతింట్లో తినడంలో గొప్పేముందండీ? పరాయింట్లో మొహమాటాన్ని గెలిచి తినాలి."

ఆ దెబ్బకి మా ఆవిడ సునంద నన్ను వాళ్ళింటికి టిఫినుకి పంపడం మానేసింది.

ఇక 2007 ఎండాకాలం సంగతికొస్తాను. మా సంఘానికి ఆర్.కె. పురం వైపు ఒక హాలుండేది. అందులో రెండు పెద్ద కూలర్లు, ఒక జనరేటరు. సాయంత్రాలు మేం, అంటే ద్వారక ఆఫీసర్లం, అక్కడ పేకాడుకునేవాళ్ళం. త్యాగరాజు గారికైతే పేకాటంటే ప్రాణం. ముక్కలు చేతికొస్తే ఫుట్‌బాల్ కూడా మరిచిపోయేవారు.

ఆ ఏడు కటవారియా సరాయ్‌లో గదులు తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న మన పిల్లలు, ప్రిలిమ్స్ అయ్యేదాకా సాయంత్రాలు ఆ హాలు మాకివ్వండని అడిగారు. వాళ్ళ తరఫున రఘురామ్ అని ఒక కళ్ళజోడు కుర్రాడు వచ్చాడు. అతని గదికి కిటికీ లేదు. కరెంటు పోతే మెట్లమీద కూర్చుని చదువుతాడట. "ఇది నాలుగో అటెంప్టండీ, ఆఖరిది" అని మాత్రం అన్నాడు.

ఒకే హాలులో పేకా చదువూ కుదరవు. కార్యవర్గంలో ఓట్లు వేస్తే సరిగ్గా చెరిసగం వచ్చాయి. నా ఓటు పేకకే, అందులో దాపరికమేం లేదు. త్యాగరాజు గారు మాత్రం ఎటూ వేయలేదు. అనంతరామయ్య గారేమో తన ఓటు వేసి సగంమందికి శత్రువు కాలేనని చేతులెత్తేశారు. అప్పుడు లేచారండీ మా మహానుభావుడు. ఆఫీసర్లకీ పిల్లలకీ రెండు ఫుట్‌బాల్ మ్యాచ్‌లు పెట్టమన్నారు. ఒకటి ద్వారకలో, ఒకటి కటవారియా సరాయ్ దగ్గర. గెలిచినవాళ్ళకి హాలు. రిఫరీ తానే. వాళ్ళమ్మాయి నేహా "పాపా, ప్లీజ్, ఘర్ చలో" అని చొక్కా పట్టుకు ఇంటివైపు లాగినా ఆగలేదు.

మేం ఒప్పుకోవడానికి కారణం మా ఆఫీసర్లలో ఉన్న కనకయ్య. రైల్వేలో చేరిన కొత్తలో వాళ్ళ జట్టుకి ఆడినవాడు. ఇప్పుడు పొట్ట వచ్చినా కాలు పోలేదు. ద్వారకలో ఒక గోలు కొట్టాడు. పిల్లలూ ఒకటి కొట్టారు. అప్పుడు గోల్‌కీపర్ని నేనే, కాకపోతే ఆ సమయంలో చెప్పులు వెతుక్కుంటున్నాను. తర్వాతి ఆదివారం కటవారియా సరాయ్ పక్క మైదానంలోనూ అంతే, కనకయ్య ఒకటి, పిల్లలు ఒకటి. మొత్తం రెండు–రెండు. బయటి గోల్స్ కూడా చెరొకటి.

"ఇప్పుడేమిటండీ మీ నిబంధన?" అన్నాను.

అదనపు సమయం ఆడాలని, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలని ఆయన నసిగారు. అదనపు సమయం ఆడే ఓపిక మాలో ఎవరికీ లేదు. అందరం గడ్డిలో కూలబడి ఉన్నాం. నేరుగా పెనాల్టీలకే పొమ్మన్నాం. పెనాల్టీ అంటే కనకయ్య కళ్ళు మూసుకుని కొట్టేస్తాడు. అదీగాక పిల్లల గోల్‌కీపరు రఘురామే. రెండో సగంలో అతని కళ్ళజోడు కిందపడి కనకయ్య బూటుకింద నలిగిపోయింది. పాపం ఆ కుర్రాడు గోలు ముందు నిలబడి, కళ్ళు చికిలించి, "బంతి ఎటునుంచి వస్తుందో కాస్త చెప్పండి సార్" అని కనకయ్యనే అడిగాడు. హాలు మాదే అని నేను మనసులో ముక్కలు కలపడం కూడా మొదలెట్టాను.

త్యాగరాజు గారు నీళ్ళ డబ్బామీద కూర్చుని రఘురామ్ వంక చాలాసేపు చూశారు. తర్వాత లేచి గట్టిగా విజిల్ ఊదారు.

"పెనాల్టీలు అక్కర్లేదు. అవే గోల్స్ రెండు–ఒకటి. పిల్లలు గెలిచారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ చోట వాళ్ళు కొట్టిన గోలు బయటి గోలెలా అవుతుందని నిలదీశాను.

"ఇది వాళ్ళ చోటని ఎవరన్నారు?"

"నెలనెలా అద్దె కట్టడం లేదూ?"

"అద్దె కడితే గది వస్తుందండీ, ఇల్లు రాదు. ఆకలేస్తే ఎవర్నీ అడక్కుండా ఏ వంటింట్లోకెళ్ళి గిన్నె మూత తీయగలమో, అదీ ఇల్లు. ఈ ఢిల్లీలో వీళ్ళకి అలాంటి వంటిల్లు ఎక్కడుంది? రెండు మ్యాచ్‌లూ పాపం బయటే ఆడారు."

ఇన్నేళ్ళుగా అక్షరం పొల్లుపోకుండా కాపాడుకున్న నిబంధనని ఆయన అంత మందిలో అడ్డంగా వంచేశారు. దాంతో తన పేకాట కూడా పోయింది. ఆ సంగతి ఆయనకి తెలియదనుకోను. నాకు ఆయనమీద ఎంత కోపం వచ్చిందో అంత ముద్దూ వచ్చింది. ముద్దు సంగతి బయటపెట్టలేదు.

మజ్జిగ బిందెతో వచ్చిన అరుంధతి గారు ఆ రోజు "అదే గోల" అనలేదు. రఘురామ్ చేతిలో గ్లాసు పెట్టి, "మా వంటింట్లోకి రావడానికి నిన్నెవరాపారయ్యా? ఆదివారం వచ్చి మూతలన్నీ నువ్వే తీసుకో. వీళ్ళనీ తీసుకురా" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"విన్నారా త్యాగరాజు గారూ? ఇప్పుడు వీళ్ళకి ద్వారకలో ఇల్లుంది. ద్వారకలో కొట్టింది సొంతింటి గోలు. అవే గోల్స్ మళ్ళీ ఒకటి–ఒకటి. పెనాల్టీలు పెట్టండి."

ఆయన నా వంక చూశారు, భార్య వంక చూశారు, చేతిలో విజిల్ వంక చూశారు. తర్కం ప్రకారం నాదే గెలుపని ఆయనకీ తెలుసు.

"విజిల్ వేశాక దొరికిన ఇల్లండీ అది" అన్నారు చివరికి. "లెక్కలోకి రాదు."

హాలు పిల్లలకి పోయింది. మా పేకాట త్యాగరాజు గారి బాల్కనీకి మారింది. అక్కడ కూలరూ లేదు, జనరేటరూ లేదు, విసనకర్ర ఒకటే. ఆదివారం మధ్యాహ్నం పిల్లలంతా వంటింట్లో మూతలు తీస్తుంటే, ఇంటాయన కంచం పట్టుకుని గుమ్మం బయట తన వంతు కోసం నిలబడేవారు.

రఘురామ్ ఆ ఏడు ప్రిలిమ్స్ గట్టెక్కాడు. గట్టెక్కితే ఎక్కాడు గానీ, ఆ రెండో గోలు నేనింకా ఒప్పుకోలేదు. ఒప్పుకోలేదని మొహంమీదే చెప్పడానికి ప్రతి ఆదివారం వాళ్ళింటికెళ్ళేవాణ్ణి. వెళ్ళాక వట్టి కడుపుతో పోనివ్వరు కాబట్టి, ఆ పిల్లల పక్కనే కూర్చుని భోంచేసి, మళ్ళీ వారం ఇంకోసారి చెబుతానని వచ్చేసేవాణ్ణి.