కోసి చూడని బస్తా

తొమ్మిదేళ్లుగా నా వీపు మీద ఒక బస్తా ఉంది. దించుదామని చాలాసార్లు అనుకున్నాను. ఎవరి ముందు దించాలో తెలియలేదు. మా ఆవిడకు చెప్పాలని నోరు తెరిచి, చివరికి కూర బాగుందని చెప్పి లేచిపోయిన రోజులున్నాయి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి. అంత ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు పట్టేది కాదు.

గుంటూరు బ్రాడీపేటలో నాకో చిన్న జిమ్ము ఉంది. తెలిసినవాళ్లంతా మాస్టారూ అని పిలుస్తారు. ఏడాదికో సాహసం చేయడం, దాని పేరు చెప్పి చందాలు పోగుచేసి ఎవరికో ఒకరికి సాయం చేయడం అప్పట్లో నాకు అలవాటు. ఒక ఏడాది గుంటూరు నుంచి చీరాల సముద్రం దాకా పరిగెత్తాను. ఇంకో ఏడాది మండుటెండలో రోజంతా సైకిలు తొక్కాను. చందాల్లో ఎన్నడూ పైసా తేడా రాలేదు. ఆ విషయంలో నేనెవరికీ భయపడను. నా తప్పు డబ్బులో లేదు. ఉంటే బాగుండేదేమో, ఎలాగో తిరిగి కట్టేసేవాణ్ణి.

ఆ ఏడాది మిరపకోతకు కూలీలను తీసుకెళ్తున్న ఆటో బోల్తా పడింది. ఇద్దరు ఆడవాళ్లకు మోకాలి కింద కాలు తీసేశారు. వాళ్లకు మంచి కృత్రిమ కాళ్లు పెట్టించాలని అనుకున్నాం. పోయింది మిరపచేలో నడిచే కాళ్లు కాబట్టి నేను మిర్చి బస్తానే ఎంచుకున్నాను. యార్డులో హమాలీలు టిక్కీ అంటారే, నలభై కిలోల పైమాటే ఉండే ఆ బస్తాను వీపు మీద వేసుకుని మిర్చి యార్డు నుంచి పెదకాకాని దాకా నడవాలి. పది కిలోమీటర్ల పైన. ఎక్కడా దించకూడదు. బస్తా నేల తాకితే ఓడినట్టే. ఈ నియమం నాకెవరూ పెట్టలేదు. నేనే పెట్టాను, నేనే మైకులో చాటాను. నా ఒళ్లు నా మాట వింటుందని కూడా అన్నాను. జనం చప్పట్లు కొట్టారు.

నాకు బస్తా మోయడం నేర్పింది మస్తాన్. యార్డులో హమాలీ. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. చూడటానికి బక్కపలచన, కానీ బస్తా ఎక్కితే మనిషి మారిపోయేవాడు. బరువు భుజం మీద కాదు, నడుముకు పైన వీపంతా పరుచుకోవాలని చూపించాడు. అడుగు పెద్దది వేయొద్దన్నాడు. నెల రోజులు తన పని మానుకుని మరీ నా వెంట తిరిగాడు. చివర్లో తను కూడా ఇంకో బస్తాతో నా పక్కన నడుస్తానన్నాడు.

"హమాలీ ఒంటరిగా నడవడు మాస్టారూ. జోడుండాల. జోడు ఆగితే ఆగాల, నడిస్తే నడవాల. మిమ్మల్ని ఒక్కర్నీ పంపితే మా జట్టుకి మర్యాద కాదు."

నేను వద్దనలేదు. ఫోటోలకు బాగుంటుందనుకున్నాను. చూశారా, ఇదీ నా బుద్ధి.

నడకకు నాలుగు రోజుల ముందు నా నడుం పట్టేసింది. వంగి చెప్పు తొడుక్కోలేకపోయాను. అప్పుడు ఒక్క మాట చెబితే సరిపోయేది. నడుం పట్టిందండీ, పది రోజులాగి నడుద్దాం అంటే ఎవరు తిడతారు? ఎవరూ తిట్టరు. చందా ఇచ్చినవాళ్లు వెనక్కి అడగరు. ఆ ఇద్దరాడవాళ్లు ఇంకో పది రోజులు ఆగేవాళ్లు. మరి ఎందుకు చెప్పలేదు? తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న తిప్పి తిప్పి వేసుకుంటున్నాను, ప్రతిసారీ ఒకటే జవాబు వస్తుంది. ఒళ్లు మాట వింటుందని మైకులో అన్నవాడు, నడక ఇంకో నాలుగు రోజులుందనగా ఒళ్లు వినలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండు. లేదు.

ముందురోజు పొద్దున బస్తాను యార్డులో కాటా మీద అందరి ముందూ తూచి, రంగుతో నంబరు రాసి, తెచ్చి జిమ్ములో పెట్టాం. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక నేను షట్టరు దించుకున్నాను. కుట్టు విప్పాను. మిరపకాయలన్నీ తీసేసి, మా అన్నయ్య ఊరి నుంచి పంపిన పత్తి కూరాను. మూతి దగ్గర, అంచుల వెంట మాత్రం కాయలుంచాను, పైకి తడిమితే గలగలలాడాలి కదా. ఘాటుకి తుమ్ములు ఆగలేదు. బయట ఎవరైనా వింటారేమోనని చొక్కా నోట్లో కుక్కుకున్నాను. దబ్బనంతో మళ్లీ కుట్టి, జిమ్ములో మేం బరువు చూసుకునే మిషను మీద పెట్టాను. పదిహేను కిలోలు. నా చేతులు రెండు రోజులు మండాయి.

తెల్లారి ఆరింటికి యార్డు గేటు దగ్గర జనం. బస్తాను ఎవరూ ముట్టుకోకూడదు, అదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది. ముట్టుకుంటే హమాలీకి తెలిసిపోతుంది, వాళ్లకు వేళ్లే కాటాలు. అందుకే ట్రాలీ ఆటోలో తెచ్చాను. మస్తాన్ బస్తా ఎత్తి వీపు మీదకి అందించడానికి వస్తే వద్దన్నాను. మొదటి నుంచీ చివరిదాకా ఎవరి సాయమూ లేకుండా నేనే మోస్తానన్నాను. ఆటోకి వీపు ఆనించి నేనే తీసుకున్నాను. దానికీ చప్పట్లే.

యార్డులో ఏ బస్తానూ కోసి చూడకుండా ఎవరూ నమ్మరు. కత్తితో గోనె కాస్త చీల్చి గుప్పెడు కాయలు లాగి రంగు చూస్తారు. పై కాయ చూసి మోసపోయినవాళ్లు ఎందరో. ఆ పొద్దున కూడా ఒక వ్యాపారి జేబులోంచి కత్తి తీసి, మాస్టారి సరుకు ఎలాంటిదో చూద్దామా అని నవ్వుతూ దగ్గరికొచ్చాడు. సరదాకే అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను రెండడుగులు వెనక్కి వేశాను. మస్తాన్ అడ్డం వచ్చాడు.

"ఇది అమ్మే సరుకు కాదండీ, కోసి చూట్టానికి. ఆడకూతుళ్ల కాళ్ల కోసం మోసే బస్తా. కత్తి లోపల పెట్టండి."

వ్యాపారి సిగ్గుపడి కత్తి మడిచాడు. అక్కడున్నవాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. పుణ్యానికి మోసే బస్తాను ఎవరు కోస్తారు?

నడిచాం. నా నడుం నిజంగానే నొప్పి, అందుకని మొహంలో బాధ నటించాల్సిన పని లేకపోయింది. కానీ పదిహేను కిలోలతో మనిషి ఎంత ఆపుకున్నా కాళ్లు ముందుకే పోతాయి. పైగా నేను నెమ్మదిస్తే చాలు, వెంట నడిచేవాళ్లు పాపం అలసిపోయాడని వెనక నుంచి బస్తాకు చెయ్యి ఆనించబోయేవాళ్లు. చెయ్యి ఆనితే నా బతుకు బయటపడుతుంది. అందుకని వడి పెంచాను. భయంతో పెంచాను. చూసేవాళ్లకు అది పట్టుదల.

మస్తాన్ నా పక్కనే ఉన్నాడు. జోడు నడిస్తే నడవాలి. నలభై కిలోలతో, నా పదిహేను కిలోల వడికి.

ఊరు దాటాక ఎండ చుర్రుమంది. అతని ఊపిరి వినిపిస్తోంది, ఈలలాగా. ఒకచోట నా చెవికి దగ్గరగా వచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు.

"మాస్టారూ, కాస్త నెమ్మదించండి."

నేను విన్నాను. తల తిప్పలేదు. అప్పుడే పక్కన బండి మీద ఒకడు ఫోనుతో వీడియో తీస్తున్నాడు, వెనక ఇంకొకడు చెయ్యి చాపుతున్నాడు. విననట్టు నడిచాను. అతను రెండోసారి అడగలేదు.

పెదకాకాని ఇంకో కిలోమీటరు ఉందనగా మస్తాన్ మోకాళ్ల మీద పడ్డాడు. బస్తా పక్కకు జారుతుంటే వదిలేయొచ్చు కదా? వదల్లేదు. నేల తాకకూడదన్న నా నియమం ఉంది కదా. నడుం మెలి తిప్పి దాన్ని పట్టుకోబోయాడు. అరిచాడు. అలాంటి అరుపు నేను మళ్లీ వినలేదు. బస్తా అతని మీద పడింది.

ఇప్పుడు చెప్పేది చేత్తో రాయడానికే కష్టంగా ఉంది. నేను నా బస్తా దించలేదు. దించితే ఎవరో ఒకరు దాన్ని పక్కకు జరుపుతారు, జరిపితే తెలిసిపోతుంది. వీపు మీద బస్తాతో అలాగే నిలబడి, నీళ్లు పట్టండి, ఆటో పిలవండి అని పురమాయించాను. నా జోడు రోడ్డు మీద పడి ఉంటే వంగి ఒక చెయ్యి వేయలేదు. ఆటో వెళ్లిపోయాక, మస్తాన్ కోసం ఈ నడక పూర్తి చేస్తాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. పూర్తి చేశాను. మెడలో దండలు వేశారు.

చందాలు అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. ఆ ఇద్దరికీ కాళ్లు అమరాయి. అందులో ఒకామె ఇప్పటికీ ఎక్కడ కనిపించినా దణ్ణం పెడుతుంది. ఆ దణ్ణమే ఇన్నేళ్లూ నాకు సాకు. ఆమె నడుస్తోంది కదా, ఇక నిజం చెప్పి ఎవరికి లాభం అనుకునేవాణ్ణి. అలా అనుకున్న రోజు బాగానే నిద్రపట్టేది, దాచడం ఎందుకు.

మస్తాన్‌కు వెన్నుకు ఆపరేషన్ చేశారు. ఇక బరువు ఎత్తకూడదన్నారు. బత్తాయిలు పట్టుకుని చూడటానికి వెళ్లాను. మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు.

"నొప్పి గురించి కాదు మాస్టారూ," అన్నాడు. "పదహారేళ్లుగా మోస్తన్నా. మీరు నెల్రోజుల కింద మొదలెట్టారు. మీరు మోశారు, నేను మోయలేకపోయా. ఎక్కడ తేడా కొట్టిందంటారు?"

అడిగాడు. నిజం చెప్పడానికి నాకు తలుపు తీసినట్టే అడిగాడు. అక్కడ చెప్పేస్తే సగం తప్పు అక్కడితో పోయేది.

"ఊపిరి, మస్తాన్," అన్నాను. "నువ్వు ఊపిరి తీసుకునే పద్ధతి సరిగ్గా లేదు. బలం ఒక్కటే చాలదు."

"అంతేనంటారా?"

"అంతే."

ఎలా తీసుకోవాలో చేసి చూపించాను కూడా. అతను కళ్లు మూసుకుని, నేను చూపించినట్టే, బుద్ధిగా ఊపిరి తీసుకుని వదిలాడు. అతని భార్య మంచం పక్కన నిలబడి, మాస్టారు చెప్పింది విను అంది.

బస్తాలో పత్తి కూరడం ఒక తప్పు. నెమ్మదించకపోవడం ఇంకో తప్పు. కానీ నన్ను తినేస్తున్నది ఆ ఊపిరి పాఠం. అతని నడుము తీసుకున్నది చాలక, అతనికి తన మీద ఉన్న నమ్మకాన్ని కూడా తీసుకున్నాను. అదీ గురువులా మొహం పెట్టి.

తర్వాత నేను సాహసాలు మానేశాను. వయసు మీద పడిందని చెప్పాను. మస్తాన్ ఇంట్లో కూర్చుని భార్యతో పాటు మిరపకాయలకు తొడిమలు తీసే పని చేస్తున్నాడు. నేను యార్డు వైపు వెళ్లడం తగ్గించాను. పోయిన నెల ఒక పని మీద వెళ్లక తప్పలేదు. లారీ దగ్గర ఒక హమాలీ కాలు తడబడి బస్తా జారవిడిచాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు.

"ఏరా, మస్తాన్ అయిపోయావేంట్రా!"

నాకు తేలు కుట్టినట్టయింది. దొంగకు తేలు కుడితే అరవకూడదు కదా. ఆ మాట అన్నవాణ్ణి అడిగాను, మస్తాన్ అంటే ఎవరని.

"ఏమోనండి. బరువు ఆపలేనోణ్ణి ఇక్కడ అట్టా అంటాం."

అతనికి మనిషి తెలియదు. పేరు మాత్రం తెలుసు, అదీ తిట్టులా. పదహారేళ్లు బస్తా నేల పడనివ్వని మనిషి పేరు, బస్తా పడేసేవాడికి పేరైపోయింది. దాన్ని పుట్టించింది నేను. మస్తాన్ ఇల్లు అక్కడికి నాలుగు వీధుల అవతలే. ఈ మాట అతని చెవిన పడే ఉంటుంది. పడే ఉంటుంది.

ఆ రోజే వెళ్లాను. అతను చాప మీద కాయల కుప్ప ముందు కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాను. పత్తి సంగతి, షట్టరు సంగతి, ఊపిరి సంగతి. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా చెప్పేశాను. అతను కోప్పడతాడని, కొడతాడని, కనీసం ఏడుస్తాడని సిద్ధపడి వెళ్లాను. అతను రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఎంతుంది మాస్టారూ అందులో?"

"పదిహేను కిలోలు."

చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"నేను నెమ్మదించమన్నప్పుడు ఇనబడిందా?"

లేదని అబద్ధం చెప్పొచ్చు. ఆ ఒక్క అబద్ధంతో అతనికీ నాకూ కాస్త తేలిగ్గా ఉండేది.

"వినబడింది," అన్నాను.

తల ఊపాడు. ఒక కాయ తీసుకుని తొడిమ తుంచాడు. ఇంకోటి తుంచాడు. "ఎల్లండి మాస్టారూ," అన్నాడు, నా వైపు చూడకుండా. నేను క్షమించమని అడగలేదు. అడిగితే, పోనీలెండి అనాల్సిన బరువు కూడా అతని మీదే పడుతుంది. వచ్చేశాను.

యార్డులో ఆ తిట్టు ఇంకా వినిపిస్తూనే ఉంది. నలుగురి నోళ్లలో పడిన మాటను వెనక్కి లాక్కురావడం నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అందుకే రాస్తున్నాను. రాస్తుంటే మనసు కాస్త తేలికపడుతోంది. ఆ తేలికను చూసి నా మీద నాకే చిరాకు కూడా వస్తోంది, మస్తాన్‌కు లేనిది నాకెందుకని. అయినా రాస్తాను. ఆ రోజు పెదకాకాని రోడ్డు మీద మిర్చి బస్తా మోసింది ఒక్కడే. ఆ ఒక్కడు నేను కాదు.