నెయ్యి లెక్కలోకి రాని రోజులు

మా అన్న బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారి. అలాంటి మనిషి ఒకరోజు అన్నం మానేశాడు. వడ్ల ధర పడిపోయినప్పుడు కూడా మా వీధిలో అంత చర్చ జరగలేదు.

మానడానికి కారణం ఉంది. బొడ్డు పక్కన పేగు జారి నిమ్మకాయంత ఉబ్బు తేలింది. నెల్లూరు డాక్టరు చూసి, ఈ పొట్ట మీద ఆపరేషన్ చేస్తే కుట్లు నిలవవు, బరువు తగ్గి రమ్మన్నాడు. ఎక్కువ ఆలస్యం చేసినా కష్టమే, పేగు మెలిపడితే ప్రాణం మీదికి వస్తుందన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ అన్న గట్టిగా దగ్గితే చాలు, వదిన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేది. పక్కింట్లో ఉండే నాకూ భయంగానే ఉండేది.

అన్నం, ఇడ్లీ, పంచదార మానేసి కొవ్వు తింటే ఒళ్ళు కరుగుతుందని మిల్లు దగ్గర ఎవరో చెప్పారు. ఫోన్లో వీడియోలూ అదే చెప్పాయి. భోజనప్రియుడైన మా అన్నకి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. రొట్టె మాత్రం తినకూడదు, అంతే.

మొదట్లో బరువు గబగబా దిగింది. బస్తాలు తూచే కాటా మీదే రోజూ నిలబడి, పంచె ఎగ్గట్టి, వచ్చినవాళ్ళందరికీ అంకె చూపించేవాడు. అలా ముందు దిగేది చాలావరకు ఒంట్లో నీరేనని మాకు తర్వాత తెలిసింది. కొన్నాళ్ళకి అంకె ఆగిపోయింది. ఆపైన పెరిగింది కూడా. రైతులు ఎప్పుడూ పడే అనుమానం అన్నకి అప్పుడు మొదటిసారి కలిగింది, కాటా తప్పు చూపిస్తోందని.

నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఏం తింటున్నారని డాక్టరు అడిగాడు.

"మధ్యాన్నం రెండు గుడ్లు, రాత్రికి చేప ముక్క. అంతే సార్. అన్నం ముట్టి ఎన్నాళ్ళయిందో!"

అన్న అబద్ధం చెప్పలేదు. మా ఇళ్ళల్లో శనివారం ఒక్కపొద్దు ఉంటారు. పగలు ఒక పూట అన్నం, రాత్రికి ఫలహారం. ఫలహారమంటే నాలుగైదు దోసెలు, పైన చట్నీ, ఆపైన అరటిపండ్లు. అయినా మర్నాడు పొద్దున్నే "రాత్రి ఏమీ తినలేదు" అనే అంటారు. కంచంలో అన్నం పడకపోతే మాకు తిన్నట్టు కాదు. ఆ లెక్కనే అన్న గుడ్ల మీద పోసిన నెయ్యినీ, చేపల పులుసు మీద తేలే నూనెనీ, కాఫీలో మీగడనీ, సాయంత్రాలు నేతిలో వేయించిన జీడిపప్పునీ వదిలేశాడు. అవన్నీ నేనే డాక్టరుకి చెప్పాను. అన్న నన్ను కొట్టేలా చూశాడు.

"అయ్యి తిండేందిరా? ఊరికే నోట్లో ఏసుకునేయి."

డాక్టరు నవ్వలేదు. అన్నం మానితే కొందరికి ఆకలి తగ్గి, తెలియకుండానే తక్కువ తింటారని, అందుకే సన్నబడతారని చెప్పాడు. "మీరు తక్కువ తినట్లేదు. గ్రాము బియ్యంలో ఉన్న కేలరీలకి గ్రాము నేతిలో రెట్టింపు పైనే ఉంటాయి. ఖర్చయ్యేదానికన్నా ఎక్కువ పోస్తే, అది ఎందులోంచి వచ్చిందని ఒళ్ళు అడగదు" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే వదిన ముఖం మాడిపోయింది. ఆ నెయ్యి పోసే చేయి ఆమెదే.

"అన్నం లేకుండా బతుకుతుండే మనిషి గదా అబ్బయ్యా. అదన్నా పెట్టకపోతే ఎట్టా?"

మా ఇంట్లో ఆడవాళ్ళు తమంతట తాము వడ్డన ఆపరు. తినేవాడే కంచం మీద చేయి అడ్డం పెట్టాలి. అన్న ఏనాడూ అడ్డం పెట్టినవాడు కాదు. ఆ పూట మాత్రం గోడకి ఆనుకుని, ఉబ్బు మీద చేయి వేసుకుని, నెమ్మదిగా అన్నాడు.

"నా నోరు నేను కట్టుకోలేను. నా చేత గాదు. నువ్వే ఆపాల."

మర్నాటి నుంచి వదిన నెయ్యి చెంచాతో కొలిచింది. పులుసులో నూనె తగ్గించింది. జీడిపప్పు డబ్బా మా ఇంటికి పంపించేసింది. ఆపమన్నవాడే పోట్లాటకి దిగాడు. కంచం నెట్టేశాడు, "కడుపు మాడ్చి సంపుతుండావు" అని వీధిలోకి వినపడేలా అరిచాడు. ఆమె ఆ కంచాన్నే మళ్ళీ అతని ముందుకు జరిపేది. నాకు అన్న మీద కన్నా ఆమె మీదే ఎక్కువ జాలేసింది. కాటా మీద అంకె మాత్రం నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది.

బరువు చాలినంత తగ్గాక ఆపరేషన్ జరిగింది. ఇంటికొచ్చి కోలుకున్నాక కొద్దిగా అన్నం తినొచ్చని డాక్టరు చెప్పాడు. ఆ రోజు వదిన మొలగొలుకుల బియ్యం వండి, గుప్పెడు పెట్టి, చెంచాడు నెయ్యి వేసింది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. అన్న నాలుగు ముద్దల్లో ముగించి కంచం ముందుకు జరిపాడు.

"ఇంకొంచెం పెట్టు."

వదిన గిన్నె మీద మూత పెట్టింది.

"రేపు పెడతా" అంది. "రేపు గూడా నువ్వుండాల గదా."