ముద్ద లాకు దొరసాని

మా అమ్మ రాసుకున్న పుస్తకాన్ని మా ఊరి మాస్టారు ఒకాయన తన పేరుతో అచ్చు వేయించుకున్నారు. ఆయన్ని నలుగురిలో తలవంపులపాలు చెయ్యడానికి నేను ఎనిమిదేళ్లు ఓపిక పట్టాను. ఆ ఓపిక మంచితనం కాదు. ఇది చదివేవాళ్లు నన్ను మంచిదాన్ని అనుకోనక్కర్లేదు.

అమ్మ మా ఊళ్లో ప్రభుత్వ నర్సు. నాన్నగారు కాలవ లాకుల ఆఫీసులో గుమస్తా. తెల్లదొరలు కట్టించిన లాకు పక్కనే మా క్వార్టరు. కాలవకి అడ్డంగా రెండు జతల పెద్ద తలుపులుండేవి. వచ్చిన పడవని ఆ రెంటి మధ్యకీ తీసుకుని, నీళ్లు ఎక్కించో దించో అవతలికి వదిలేవారు. గట్టు మీద దొరలు దిగడానికి కట్టిన బంగళా ఒకటి, పెంకులు జారిపోయి, గబ్బిలాల కంపు కొడుతూ ఉండేది. నా చిన్నతనానికే పడవలు తగ్గిపోయాయి. అయినా రోజుకి నాలుగైదు, గడ్డివో కొబ్బరికాయలవో, వచ్చేవి.

పురుడు పొయ్యడానికి వెళ్లిన ఇంట్లో అమ్మ గంటలకొద్దీ కూర్చోవాల్సి వచ్చేది. ఊరికే కూర్చోవడం ఆవిడకి చాతకాదు. ఆ ఇంటి ముసలమ్మని కదిపేది. ఈ చేనుకి గుర్రాల చేను అన్న పేరెందుకొచ్చింది, ఏ వరదకి ఏ లంక కోతకి పోయింది, ఊళ్లోకి మొదటి బస్సు వచ్చిన రోజున దానికి హారతిచ్చిందెవరు, చర్చి పేటలో బడి పెట్టినప్పుడు మొదట చేరిన ఆడపిల్ల ఎవరు, ఇలాంటివన్నీ అడిగేది. ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుని, మర్చిపోకముందే అట్ట బైండు పుస్తకంలో రాసేది. అలా ఇరవై ఏళ్లు రాసింది. పుస్తకం వెనక పేజీల్లో మాత్రం మాకోసం తను కట్టిన కథలు రాసుకునేది.

మాస్టారు మా హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. భూమి ఉన్న కుటుంబం, పద్యాలు చెప్పే గొంతు. ఊళ్లో ఏ సభ జరిగినా ముందు కుర్చీ ఆయనదే. తొంభైల మొదట్లో ఒకరోజు బీపీ చూపించుకోవడానికి అమ్మ దగ్గరికి వచ్చి, బల్ల మీదున్న ఆ పుస్తకాన్ని తిరగేశారు.

"ఇదేంటి నర్సమ్మా, నువ్వు రాశావా?"

"ఏదోనండి, విన్నవన్నీ రాసుకుంటున్నానండి."

"రెండు రోజుల్లో చదివిచ్చేస్తాను."

పెద్దాయన చదువుతానన్నందుకు అమ్మ ఆ రోజంతా సంతోషంగా ఉందట. నేనప్పటికే రాజమండ్రిలో ఒక కాలేజీలో చరిత్ర లెక్చరర్ని, ఆదివారాలు ఇంటికొచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా పుస్తకం వచ్చిందా అని అడిగేదాన్ని. అమ్మ మూడుసార్లు వాళ్లింటికి వెళ్లింది. చర్చి పేటలో పుట్టిన మనిషి కనక అరుగు దాటి లోపలికి రమ్మనేవారు కాదు. మొదటిసారి పడుకున్నారన్నారు. రెండోసారి ఊళ్లో లేరన్నారు. మూడోసారి ఆయనే బయటికొచ్చి, "పుస్తకమా? నాకెప్పుడిచ్చావమ్మా?" అన్నారట. అమ్మ ఆ మాట నాతో చెబుతూ వంకాయలు తరుగుతూనే ఉంది. ముక్కలు మాత్రం మామూలు కంటే చాలా సన్నగా పడ్డాయి.

ఏడాదిన్నర తర్వాత ఊళ్లో పెద్ద సభ పెట్టి మాస్టారు రాసిన మా ఊరి చరిత్ర ఆవిష్కరించారు. నేనూ అమ్మా వెళ్లాం. ఆడవాళ్ల వరసల్లో ఆఖరున కూర్చున్నాం. ముందుమాట ఆయనే మైకులో చదివారు. అచ్చుకూర్పు చేసినవాళ్లకీ, సైకిలు మీద తనని తిప్పిన పాలేరుకీ కూడా కృతజ్ఞతలు చెప్పారు. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని వింటోంది. అప్పుడు ఆయన మైకులోనే అన్నారు: "నర్సమ్మ వచ్చినట్టుంది. అమ్మా, మన ముఖ్య అతిథి గారికి కాస్త కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. వచ్చి బీపీ చూడమ్మా."

అమ్మ లేచింది. సంచిలోంచి మిషను తీసి, స్టేజీ ఎక్కి, తన పుస్తకం దొంతరగా పేర్చిన బల్ల పక్కనే వంగి నిలబడి ఆ అతిథి చేతికి పట్టీ చుట్టింది. "బాగానే ఉందండి, మజ్జిగ తాగండి" అని చెప్పి దిగింది. నాకు ఆయన మీద పగ పుట్టింది అప్పుడే. పుస్తకం తనకివ్వలేదన్నారని విన్నప్పుడు వచ్చింది కోపం. ఇది వేరు.

ఇంటికెళ్లి చదివితే ముప్పాతిక వంతు అమ్మ వాక్యాలే. తెలుగులో "నేను అడిగాను" అంటే అడిగింది ఆడో మగో తెలియదు. ఆ సౌకర్యం ఆయనకి బాగా కలిసొచ్చింది. అమ్మ పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగి, పకపకా నవ్వింది.

"ఇది చూడవే. నీకన్నం తినిపించడానికి చెప్పింది కూడా చరిత్రైపోయింది."

చిన్నప్పుడు నేను అన్నానికి ఏడిపించేదాన్నట. లాకు గట్టు మీద కూర్చోబెట్టి, పడవలు చూపిస్తూ, అమ్మ ఒక కథ అల్లింది. బంగళాలో ఒక దొరసాని ఉండేది. వంటమనిషి కూతురికి జ్వరం వచ్చి ముద్ద ముట్టడం లేదు. ఈ పిల్ల అన్నం తినేదాకా లాకు తలుపులు తియ్యొద్దని దొరసాని హుకుం వేసింది. పడవలన్నీ ఆగిపోయాయి. సరంగులు దిగొచ్చి పిల్లని బతిమాలారు. పిల్ల ముద్ద మింగింది, తలుపులు తెరుచుకున్నాయి. అప్పట్నుంచీ అది ముద్ద లాకు. ఇంతే కథ. నేను రెండో క్లాసులో ఉండగా అమ్మ దీన్ని ఒక పిల్లల పత్రికకి పంపితే, అమ్మ పేరుతో అచ్చయింది కూడా.

మాస్టారి పుస్తకంలో ఆ దొరసాని కరువు రోజుల్లో పడవవాళ్లకి అన్నం ముద్దలు పంచిన పుణ్యాత్మురాలు అయింది. కాని అమ్మ వాక్యాలు ఆయన వదులుకోలేకపోయారు. "పడవలు రెండు మైళ్ల దాకా కడుపు నిండిన గేదెల్లా కదలకుండా నిలబడిపోయాయి" అన్నది యథాతథంగా ఉంది.

"పోనీలేవే, చదివేవాళ్లు చదువుతున్నారు కదా" అంది అమ్మ.

నేను పెట్టె అడుగునున్న పత్రిక కాగితాన్ని తీసి, నాతో రాజమండ్రి తీసుకెళ్లిపోయాను.

వెంటనే బయటపెట్టి ఉంటే ఏమయ్యేది? పెద్దాయన పొరపాటు పడ్డారని పదిమందీ సర్దిచెప్పేవాళ్లు. అది నాకు చాలదు. ఆ అబద్ధాన్ని ఆయన ఇంకా గట్టిగా పట్టుకోవాలి. వదలబోయినా వీలుకానంత గట్టిగా.

ఏడాదికి రెండుసార్లు ఆయన్ని చూడ్డానికి వెళ్లడం మొదలుపెట్టాను. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు మంచి చక్రకేళీలు కొనుక్కుని వెళ్లేదాన్ని. లెక్చరర్ని కనక నాకు లోపల కుర్చీ వేసేవారు.

"మాస్టారండీ, మీ దొరసాని సంగతి క్లాసులో చెప్పానండి. ఇది ఎవరు చెప్పారండీ అని పిల్లలడిగారు."

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. "పడవ సరంగు ఒకడుండేవాడమ్మా. పోయాడులే. వాడి నోటితో నాకే చెప్పాడు."

ఆ తర్వాతసారి ఆ సరంగు తాతే దొరసాని చేతి ముద్ద తిన్నాడని చెప్పారు. ఇంకోసారి ఆవిడ కలరాతో పోయిందనీ, బంగళా వెనకే పాతిపెట్టారనీ అన్నారు.

"సమాధి మీరు చూశారాండీ?"

"చిన్నప్పుడు చూశాను. రాయి మీద ఇంగ్లీషు అక్షరాలుండేవి. తుప్పల్లో ఎక్కడో పూడిపోయుంటుంది."

నేను పుట్టి పెరిగింది ఆ బంగళా వెనకే. అక్కడ అంగుళమంత రాయి కూడా లేదు. అయినా తలూపి, "అంత చరిత్రున్న చోట ఒక గుర్తయినా లేకపోతే ఎలాగండీ" అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. పాపం అనిపించలేదా అంటే, ఒకసారి అనిపించింది. వాళ్లావిడ నాకు కాఫీ ఇస్తూ, "మీరొస్తే ఈయనకి ప్రాణం లేచొస్తుందండి" అన్నప్పుడు. కాఫీ తాగేసి వచ్చేశాను.

ఎనిమిదో ఏడు పంచాయతీవాళ్లు బంగళాకి సున్నం వేయించారు. దొరసాని జ్ఞాపకార్థం నల్లరాతి ఫలకం చెక్కించారు. దాని మీద దొరసాని దయ గురించి నాలుగు వరసలు, కింద పరిశోధకులుగా మాస్టారి పేరు. ఆదివారం పొద్దున్న ఆవిష్కరణ. ఊరి ఆడపడుచునీ, చరిత్ర చెప్పేదాన్నీ కనక నన్ను మాట్లాడమన్నారు. అమ్మకి నేనేమీ చెప్పలేదు. రిటైరైన నర్సు కదా, గౌరవంగా రెండో వరసలో కూర్చోబెట్టారు.

షామియానా కింద మూడొందల మంది దాకా ఉన్నారు. మాస్టారి పుస్తకం మళ్లీ అచ్చు వేసి అందరికీ పంచారు. నేను మైకు ముందుకెళ్లి, ముందు ఆయనకి నమస్కారం పెట్టాను.

"మాస్టారండీ, ఈ దొరసాని సంగతి మీకు చెప్పిందెవరో సభకి ఒకసారి చెప్పండి."

ఆయన కుర్చీలోంచే అందరికీ వినపడేలా చెప్పారు. సరంగు, సరంగు తాత, సమాధి, ఇంగ్లీషు అక్షరాలు. జనం చప్పట్లు కొట్టారు.

"అందరూ అరవై రెండో పేజీ తియ్యండి. నేనొకటి చదువుతాను. మీ పుస్తకంలో ఉన్నట్టే ఉందో లేదో చూసి చెప్పండి" అన్నాను.

పత్రిక కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. ముందు వరసల్లో హైస్కూలు పిల్లలు వేలు పెట్టి చూసుకుంటున్నారు. గేదెల వాక్యం దగ్గరికొచ్చేసరికి వాళ్లే నాతోపాటు పైకి చదివారు. చదవడం ఆపి, ఇది పాతికేళ్ల కిందట పిల్లల పత్రికలో వచ్చిన కథనీ, రాసింది మా అమ్మనీ, అన్నం తినని నాకోసం అల్లిందనీ చెప్పాను. పైన కథ అని అచ్చయి ఉంది, కింద అమ్మ పేరుంది. కాగితం సర్పంచి గారి చేతికిచ్చాను.

"చాలమ్మా" అన్నారు మాస్టారు. మైకు లేకుండా అన్నారు గాని, అంత నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

నేను ఆపలేదు. "మా అమ్మ పుస్తకం ఎక్కడుందండీ?"

ఆయన తల దించుకున్నారు. రెండోసారి అడిగాను. మూడోసారి అడిగాను. సర్పంచి గారు నా మోచెయ్యి పట్టుకుని, "ఇంక వదిలెయ్యండమ్మా" అన్నారు. అప్పుడు మాస్టారు తల దించుకునే, "ఇంట్లో ఉంది" అన్నారు. ఫలకం మీది గుడ్డ ఎవరూ తియ్యలేదు. టిఫిన్లు మాత్రం పెట్టారు. జనం ప్లేట్లు పట్టుకుని గుంపులు గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటుంటే, ఆయన ఒక్కరూ కుర్చీలో ఉండిపోయారు. నేను దూరం నుంచి తృప్తిగా చూశాను. ఆ రోజు ఉప్మా రుచి నాకింకా గుర్తుంది.

ఇంటికొచ్చాక అమ్మ చెప్పులు విప్పి గుమ్మంలోనే కూర్చుంది. తర్వాత, "ఎన్నాళ్ల నుంచి అనుకుంటున్నావే ఇది?" అంది.

"నువ్వు స్టేజీ ఎక్కి బీపీ చూసిన రోజు నుంచి."

"నన్నొక మాట అడగాల్సింది."

"అడిగితే వద్దనేదానివి."

"అనేదాన్ని." చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అంది. "నువ్వు మూడోసారి అడుగుతున్నప్పుడు నేను లేచి నిన్ను ఆపొచ్చు. లేవలేదు. అదొక్కటీ నీకు తెలియాలి."

వారం తిరక్కుండా మాస్టారి అబ్బాయి పుస్తకం తెచ్చి, గుమ్మంలోనే ఇచ్చి వెళ్లిపోయాడు. పేజీపేజీకీ ఎర్ర సిరా దిద్దుబాట్లు. "పురుడు పోస్తుండగా విన్నాను" అని అమ్మ రాసిన ప్రతిచోటా కొట్టేసి, "పెద్దల వలన తెలియవచ్చినది" అని రాశారు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఆయన దిద్దినవన్నీ ఒక్కొక్కటే చూసి, "ఇక్కడ అక్షరదోషం బాగానే సరిచేశారే" అంది.

ఆ తర్వాత ఊళ్లో ఆయన పేరు దొరసాని మాస్టారైపోయింది. బళ్లో పిల్లలు కూడా అలాగే అనేవారు. పొద్దున్నే లైబ్రరీ అరుగు మీద పేపరు చదివి వినిపించే అలవాటుండేది ఆయనకి, అది మానేశారు. సభలకి పిలవడం మానేశారు. నేనొకసారి బస్టాపులో ఆయన్ని చూసి, చూడనట్టు పోవచ్చు కదా, కావాలనే దగ్గరికెళ్లి నమస్కారం పెట్టాను. ఆయన బాగా చిక్కిపోయారు.

"ఇంకా ఏం కావాలమ్మా నీకు?" అన్నారు.

నేను పక్కకి తప్పుకోలేదు. బస్సు వచ్చేదాకా ఆయన పక్కనే నిలబడ్డాను.

అమ్మ పుస్తకాన్ని మేమే, అమ్మ పేరుతో, అచ్చు వేయించాం. దొరసానిని చివర కథల్లో పెట్టాం. మాస్టారు పోయినప్పుడు అమ్మ వెళ్లి చూసొచ్చింది. నేను రాజమండ్రిలోనే ఉండిపోయాను. నెల తర్వాత ఆయన పూర్వ విద్యార్థులు స్మారక సంచిక వేస్తూ, రెండు పేజీలు రాసిమ్మని ఉత్తరం రాశారు. గురువు గారి గురించి మంచి ఒక్కటైనా ఉంటుంది కదా అన్నారు. ఉండే ఉంటుంది. అది రాయడానికి వాళ్లున్నారు. నేను రాయనని కార్డు ముక్క పంపించాను.