డాబా మీద ఉప్పు

పోయిన ఆదివారం వంగనారు కోసం నర్సరీకి వెళితే, అక్కడి ఆయన ఒక సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన సూడకండి మేడమ్, పని సూడండి. సేపల ఎరువు. బకెట్ నీళ్లలో ఒక్క మూత కలిపి పోత్తే సాలు, మొక్క ఎలా లేత్తాదో మీరే సెప్తారు" అన్నాడు. వాసన చూడొద్దంటూ ముక్కుకే పెట్టే వ్యాపారమేమిటో నాకు అర్థం కాలేదు. ఆ వాసన మాత్రం బాగా తెలిసినదే. నాలుగేళ్ల కిందట ఆ వాసన మీద నేనొక యుద్ధం చేశాను. గెలిచాను కూడా. ఆ గెలుపు కథ ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు, మా ఆయనకు కూడా సగమే తెలుసు.

మాది కృష్ణా జిల్లా. మా ఆయనకు పోర్టులో ఉద్యోగం రావడంతో గాజువాక వచ్చిపడ్డాం. అప్పుడు మేమున్నది ఒక ఇంటి మొదటి అంతస్తు. కింద ఓనరుగారు, పెరట్లో ఒంటిగది వాటాలో ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ, పైన డాబా అందరిదీ. అందరిదీ అన్న మాట ఎంత ప్రమాదమో అద్దెకున్న వాళ్లకే తెలుస్తుంది. ఉన్న ముగ్గురిలో ప్రతివాళ్లూ అది తమదనుకుంటారు.

నేను మొక్కలు పెంచడం మొదలుపెట్టింది మొక్కల మీద ప్రేమతో కాదు, మా ఆడపడుచు మీద కోపంతో. ఆవిడ తన డాబా మీద కాసిన బీరకాయలకు రోజూ ఫోటో తీసి మా కుటుంబం గ్రూపులో పెట్టేది. పొద్దున్నే పళ్లు తోముకోకముందే ఆవిడ బీరకాయ చూడాలి. ఒకరోజు "వదినగారి ఊళ్లో ఫ్యాక్టరీలు తప్ప ఏం కాస్తాయిలే" అని రాసి, పక్కన నవ్వే బొమ్మ పెట్టింది. ఆ మధ్యాహ్నమే నేను పది ఖాళీ పెయింటు బకెట్లకు అడుగున చిల్లులు పొడిపించాను. కృష్ణా నీళ్లు తాగి పెరిగిన దాన్ని, కర్ర గుచ్చినా కాయించగలననుకున్నాను. నిజానికి అంతకుముందు నేను పెంచిందల్లా గాజు గ్లాసులో మనీప్లాంటు ఒక్కటే.

కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు చేసే తప్పులన్నీ వరసగా చేశాను. ఒక బకెట్లో బెండ గింజల పొట్లం మొత్తం ఒలకబోసి, మొలిచాక ఒక్కటీ పీకడానికి చేతులు రాక, అన్నీ దారాల్లా సాగుతుంటే మురిసిపోయాను. టమాటాకు కర్ర పాతకుండా, పడిపోయాక పాతాను. గాలిలో వచ్చే నల్లదుమ్ము ఆకుల మీద పేరుకుంటే, పాత లుంగీ గుడ్డతో ఒక్కో ఆకునూ తుడిచేదాన్ని. నీళ్ల విషయంలో మాత్రం నా అంత తెలివైన వాళ్లు లేరనుకున్నాను. ఆ ఇంటి బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి, అందుకే వంటింట్లో ఫిల్టరు మిషను పెట్టించుకున్నాం. అది ఒక బిందె మంచినీళ్లు ఇవ్వడానికి రెండు బిందెలు వేస్టు పైపులోంచి వదిలేది. ఆ పైపు కింద బకెట్ పెట్టి, పొద్దునా సాయంత్రం మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, ఆ నీళ్లే మొక్కలకు పోసేదాన్ని. చుక్క వృథా పోనివ్వనని గ్రూపులో ఫోటోతో సహా చాటింపు కూడా వేశాను.

డాబాలో సగం ఎండుచేపలావిడది. నాకంటే పదేళ్లు పెద్ద. తీరం మీది పల్లె నుంచి వచ్చింది, అన్నదమ్ములు ఇప్పటికీ పడవ మీద వేటకు వెళతారు. హార్బరు నుంచి నెత్తళ్లూ కానాగంతలూ తెచ్చి, పెద్ద చేపలకు ఉప్పు పట్టించి, డాబా మీద టార్పాలిన్ పరిచి ఎండబెట్టి, గాజువాక బజారులో అమ్ముకునేది. వీధిలో ఎండబెడితే కుక్కలు, పెరట్లో ఎండ పడదు. ఆవిడ బతుకంతా ఆ డాబా ఎండ మీదే నడిచేది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆవిడంటే పడేది కాదు. మేం చేపల పులుసు లొట్టలేసుకుంటూ తింటాం, కానీ ఎండుచేప వాసన తగిలితే మాత్రం మాకు పరువు గుర్తొస్తుంది. ఆరేసిన చీరలకు ఆ కంపు పడుతుందని రోజూ సణిగేదాన్ని. ఒకసారి కాకి ఒక చేప తల ఎత్తుకెళ్లి మా కరివేపాకు బకెట్లో పడేస్తే, కాకికి పడాల్సిన తిట్లు కూడా ఆవిడకే పడ్డాయి.

నేను బకెట్లు పెట్టిన మొదటి వారంలోనే ఆవిడ వచ్చి నిలబడింది. "సేపలు కడిగిన నీళ్లు పొయ్యమ్మా. ఉప్పెయ్యక ముందటివి, నాను ఇత్తాను. వంగకి బాగా పని సేత్తాది" అంది.

"నీ కంపు నా మొక్కలకి కూడా ఎందుకులే" అన్నాను.

ఆవిడ "నీ ఇష్టమమ్మా" అని వెళ్లిపోయింది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా మాటల్లేవు. టార్పాలిన్‌కీ బకెట్లకీ మధ్య నేను సుద్దముక్కతో గీత గీశాను. ఆవిడ ఆ గీతను ఒక్కరోజూ దాటలేదు, నేనే బీరపాదును అటువైపు పాకించాను.

వానాకాలం నీళ్లు పోసే పని తప్పింది, మొక్కలు ఏపుగా ఎదిగాయి. వంగ పూత పట్టింది. నా ఫోటోలకు ఆడపడుచు బొటనవేలు బొమ్మ ఒక్కటి పెట్టి ఊరుకుంది, అది చూసుకుని నాకు కడుపు నిండిపోయింది. కార్తీకంలో వానలు తగ్గి ఎండలు కాశాక కథ తిరగబడింది. ఆకుల అంచులు అట్లపెనం మీద మాడినట్టు గోధుమరంగుకు తిరిగాయి. పూత రాలింది. బెండలు నిలువునా ఎండిపోయాయి. ఒక పొద్దున వంగ బకెట్లో మట్టి మీద తెల్లటి పొర కనిపించింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

ఇంకేముంది, దొంగ దొరికిందనుకున్నాను. వానల్లో డాబా మీద చేపలు లేవు, మొక్కలు బాగున్నాయి. ఎండలు వచ్చాయి, చేపలు వచ్చాయి, మొక్కలు చచ్చాయి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చేపలు నానబెట్టిన ఉప్పునీళ్లు ఓర్వలేక నా బకెట్లలో పోస్తోందని తేల్చేశాను. ఆ బకెట్ చంకనెత్తుకుని కిందికి దిగి, ఓనరుగారిని, ఎండుచేపలావిడను, ఇద్దరినీ గుమ్మంలోకి పిలిచాను. పాపం ఓనరుగారు అప్పుడే టిఫినుకు కూర్చున్నారు.

"నాలుక మీద పెట్టుకుని చూడండి బాబాయిగారూ" అన్నాను.

"మట్టి నాను తినడమేటమ్మా?" అన్నారు ఆయన భయంగా.

నేను వదల్లేదు. ఆయన ఇడ్లీ తిన్న వేలితోనే అద్దుకుని, మొహం చిట్లించి, ఉప్పేనని ఒప్పుకున్నారు. నేను ఆవిడ వైపు తిరిగి, నలుగురూ వినేలా, ఇన్నేళ్ల తర్వాత రాయడానికి చెయ్యి రాని మాటలు అన్నాను. పక్కింటివాళ్లు పిట్టగోడ మీదికి వచ్చారు. ఆవిడ ఏడవలేదు, అరవలేదు. చీర కొంగు నడుముకు బిగించి, నా మొహంలోకి చూస్తూ ఒకటే అంది. "నీ మొక్కలకి నాను ఉప్పెయ్యనేదమ్మా. ఎయ్యాలనుకుంటే ఒక్క పొద్దు పని. ఇన్నాళ్లు సుక్క సుక్క పోసుకుంటా కూసోను."

నిజం చెప్పే మనుషుల మాట అలాగే ఉంటుందని నాకు అప్పుడే తెలియాల్సింది. కానీ నా చంకలో సాక్ష్యం ఉంది. ఓనరుగారు తల గోక్కుని, ఫ్యామిలీలున్న ఇల్లు, గొడవలు వద్దు, చేపలు ఇంకెక్కడైనా ఎండబెట్టుకొమ్మన్నారు. గెలిచాను. ఆ రాత్రి మా ఆయన "ఎందుకే ఆవిడ పొట్ట మీద కొట్టడం" అంటే, మీకు ఆవిడంటే అంత జాలెందుకని ఆయన నోరు కూడా మూయించాను.

మర్నాటి నుంచి ఆవిడ తెల్లారకముందే తట్టలు మోసుకుంటూ మొదటి షేర్ ఆటో ఎక్కి తీరానికి వెళ్లేది. అక్కడ ఇసుక మీద ఎండబెట్టి, కాపలా కూర్చుని, పొద్దు వాలాక వచ్చేది. బజారుకు వెళ్లాల్సిన వేళంతా అక్కడే గడిచిపోయేది. నేను బాల్కనీలోంచి చూసేదాన్ని, చూసి తృప్తిపడేదాన్ని కూడా. ఇది రాయకుండా దాటేయొచ్చు, కానీ అప్పుడు ఇదంతా రాయడమెందుకు?

డాబా ఖాళీ అయింది, వాసన పోయింది. మొక్కలు మాత్రం చస్తూనే ఉన్నాయి. ఎవరూ లేనప్పుడు పైకి వచ్చి పోస్తోందని అనుమానించి, డాబా తలుపుకు తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. తాళం వేసిన డాబా మీద కూడా టమాటాలు మాడిపోయాయి. అయినా నాకు బుద్ధి రాలేదు. తాళం మారుచెవి ఉందేమోనని ఓనరుగారిని అడిగాను.

చివరికి ఫిల్టరు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు వేస్టు పైపు కింద బకెట్ కనిపించింది. "ఈ నీళ్లు దేనికండీ?" అన్నాడు. మొక్కలకని గర్వంగా చెప్పాను.

"ఓలమ్మో! బోర్లో ఉప్పంతా మిషను ఇందులోకే తోసేత్తాది కదండీ. మొక్కలకి పోత్తన్నారా?" అంటూ ఉప్పు కొలిచే కలంలాంటి మీటరు ఆ బకెట్లో ముంచి, నాకు చూపించి, జాలిగా నవ్వాడు.

అతను వెళ్లాక ఆ బకెట్లో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే, అదే ఉప్పు. వానల్లో మొక్కలు బాగుండడానికి కారణం చేపలు లేకపోవడం కాదు, నేను నీళ్లు పోయకపోవడం. ఎండ కాసినన్నాళ్లూ పొద్దునా సాయంత్రం మెట్లెక్కి, నా చేతులతో నేనే ఉప్పు పోశాను. మా ఆయనకు మొక్కలు చచ్చిన కారణం మాత్రం చెప్పాను, ఆవిడ సంగతి ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. ఆవిడకు చెప్పడానికి నాకు పదిరోజులు పట్టింది. ఆ పదిరోజులూ మెట్ల మీద ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ తప్పుకున్నాను.

చెప్పిన రోజు ఆవిడ గది ముందు కూర్చుని తట్ట అల్లిక బాగుచేసుకుంటోంది. తప్పు నాదేనని, ఓనరుగారికి చెప్పేశానని, రేపటి నుంచి డాబా మీద ఎండబెట్టుకోమని గబగబా అన్నాను. తల ఎత్తకుండా అంతా విన్నది.

"బకెట్లు వానకి వొగ్గెయ్. మూడు గట్టి వానలు పడితే మట్టిలో ఉప్పు దిగిపోద్ది" అంది.

"మరి డాబా?"

"నీ గీత పక్కన నా సేపలు ఎండవమ్మా" అంది, మళ్లీ అల్లికలో పడింది.

ఆ నెలాఖరుకే గది ఖాళీ చేసి పల్లెకు వెళ్లిపోయింది. ఓనరుగారు ఆ గది ఇంకెవరికో ఇచ్చారు. వానాకాలం వచ్చింది. ఆవిడ చెప్పినట్టే బకెట్లను వానకు వదిలేసి, కొత్త నారు పెట్టి, వీధి చివర మునిసిపాలిటీ కుళాయి నీళ్లే పట్టుకొచ్చి పోశాను. వంకాయలు కాశాయి. నల్లగా, నిగనిగలాడుతూ, తొలికాపు ఆరు కాయలు. ఆడపడుచుకు ఫోటో పంపలేదు. కాయలు సంచిలో వేసుకుని బజారుకు వెళ్లాను. పల్లె నుంచే సరుకు తెచ్చుకుంటున్నట్టుంది, ఎండుచేపల వరసలో ఆవిడ నెత్తళ్ల కుప్ప వెనక కూర్చుని ఉంది. వంకాయలో నెత్తళ్లు వేసి వండుకుంటే ఎంత బాగుంటుందో ఆ వైపు వాళ్లందరూ చెబుతారు. నేనూ ఆ ఆశతోనే వాటిని ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ వాటిని చూసింది, నన్ను చూసింది. ఒక కాయ ఎత్తి, తొడిమ పట్టుకుని తిప్పి, "బాగా కాసింది" అంది. తర్వాత ఆరింటినీ ఏరి పక్కన కూరగాయలు అమ్ముకుంటున్న ఆవిడ గంపలో పడేసింది. "ఈటిని కూడా అమ్మేసుకో అప్పా" అని ఆవిడతో అని, నా వైపు తిరిగింది. "సేపలు కావాలా? నేకపోతే పక్కకి జరుగమ్మా, బేరం వత్తాది."

జరిగాను. ఆవిడను నేను చూడడం అదే చివరిసారి. అప్పటి నుంచి ఇళ్లు మారాం, డాబాలు మారాయి, ఇప్పుడు నా వంగమొక్కలకు వచ్చినవాళ్లందరూ దిష్టి పెడతారు. పోయిన ఆదివారం ఆ సీసా కొన్నాను. ఒకప్పుడు ఊరికే ఇస్తానన్న నీళ్లను మూతలతో కొలుచుకుంటూ పోస్తున్నాను. మట్టిలో ఉప్పు ఆవిడ చెప్పినట్టే మూడు వానలకు దిగిపోయింది. ఆనాడు గుమ్మంలో నేనన్న మాటల మీద ఇప్పటికి నాలుగు వానాకాలాలు కురిశాయి, ఆ ఉప్పు ఇంకా నా నాలుక మీదే ఉంది.