కడియపులంక మాణిక్యం కట్టిన మీటింగు దండలు

కడియపులంక పూల మార్కెట్లో రత్నమాణిక్యం దండ కడుతుంటే పనున్నవాళ్లు కూడా ఒక నిమిషం ఆగి చూసేవారు. కాలి బొటనవేలికి అరటినార తగిలించి, కుడిచేత్తో రెండు పూలు అందుకుని, ఎడమచేత్తో ముడి వేసేది. కళ్లు మాత్రం రోడ్డు మీద పోయే బస్సుల మీద ఉండేవి. ఆ పని నేర్పింది అత్తగారు మరిడమ్మ. ఆవిడ పోయి మూడేళ్లయినా, ముడి వదులుగా పడితే మాణిక్యం ఇప్పటికీ పక్కకి చూసేది, మొట్టికాయ పడుతుందేమోనన్నట్టు.

అత్తగారు నేర్పినవి రెండు కట్లు. దేవుడి కట్టు మర్నాడు పూజారి తీసేదాకా చెక్కు చెదరకూడదు. మీటింగు కట్టుకి అంత కష్టం అక్కర్లేదు. ఎమ్మెల్యే అయినా, రిటైరయ్యే హెడ్మాస్టరైనా, దండ మెడలో పడగానే దణ్ణం పెట్టి తీసి బల్ల మీద పెట్టేస్తాడు. ఉంచుకుంటే ఎంత మోజో అనుకుంటారని బెరుకు. అందుకని ముందువైపు పూలు దట్టంగా ఉంటాయి, మెడ వెనక ఉత్త నారే. ముడికీ ముడికీ బెత్తెడు దూరం. "అరనిమిషం దండకి ఆరు ముడులెందుకే" అనేది మరిడమ్మ.

నిజమే. కానీ తను కట్టిన దండ ఒక మనిషి మెడలో హాయిగా ఉండగా మాణిక్యం ఒక్కసారీ చూడలేదు. అదొక వెలితి.

తొంభై ఎనిమిది డిసెంబరులో రాజమండ్రి నుంచి చంద్రరావు మాష్టారు వచ్చి ఇరవై నాలుగు దండలు కావాలన్నారు. ఆయన ఆదివారాలు వెళ్లే చర్చి వాళ్లకి ఎక్కడో పసిఫిక్ సముద్రం మధ్యన, హవాయి దీవుల్లో, ఒక యూనివర్సిటీ ఉందట. టోంగా, సమోవా, ఫిజీ దీవుల పిల్లలు అక్కడ చదువుకుంటారట. పక్కనే తమ ఊళ్లలో ఉండే ఇళ్లలాంటివి కట్టి, చూడవచ్చినవాళ్లకి ఆటపాటలు చూపించి, ఆ జీతంతో చదువు సాగిస్తారట. ఆ పిల్లలే మన దేశం తిరుగుతూ రాజమండ్రి వస్తున్నారు.

"అంత దూరం నుంచి ఆడ్డానికొస్తున్నారా అండి?" అంది మాణిక్యం.

"ఆడ్డానికీ, మనల్ని చూడ్డానికీనమ్మా. వాళ్లవీ కొబ్బరిచెట్ల ఊళ్లే."

"అయితే మనోళ్లేనండి."

మనోళ్లే అంది గానీ కట్టింది మాత్రం మీటింగు కట్టే.

మర్నాడు పొద్దున్నే మొగుడు గున్నేశ్వరరావు చేత గంప మోయించుకుని రాజమండ్రి బస్సెక్కింది. చర్చి హాలు ముందు వ్యాను దిగుతున్న పిల్లల్ని చూసి అతను గంప కింద పెట్టేశాడు. మగపిల్లలు ఒక్కొక్కరు గుమ్మం నిండా ఉన్నారు. ఆడపిల్లలూ తీసిపోలేదు.

"ఏమే, నీ కొలత ఎమ్మెల్యేలకి సరిపోద్ది గానీ ఈ మెడలకి చాలదే."

"నువ్వు ఊరుకో."

దండలు వేసేందుకు మనుషులు రాలేదు. "మీరూ ఒక చెయ్యెయ్యండి మాణిక్యం గారూ" అని మాష్టారు సగం ఆమెకే ఇచ్చారు. తను కట్టిన దండ తన చేత్తో ఒకరి మెడలో వేయడం అదే మొదలు. మెలే అనే టోంగా అమ్మాయి తల వంచి వేయించుకుని, ఆమె బుగ్గకి బుగ్గ ఆనించింది. సియోనె అనే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుంటే గానీ అందలేదు.

మాణిక్యం చూస్తూ నిలబడింది, ఇక తీస్తారని. ఎవరూ తీయలేదు. దండలతోనే ఉప్మా తిన్నారు, దండలతోనే గోదావరి చూసొచ్చారు. మాష్టారు భోంచేసి వెళ్లమంటే ఆగిన మాణిక్యం, సియోనె దండ సాంబారులో మునగడం కూడా చూసింది. అతను తీయకుండానే తుడుచుకున్నాడు.

"మాష్టారూ, తీయరేంటండి?"

ఆయన మెలేని ఇంగ్లీషులో అడిగి చెప్పారు. "వేసినవాళ్ల కళ్లెదుట తీస్తే వాళ్ల ప్రేమ వద్దన్నట్టంటమ్మా. సాయంత్రం ఆరింటికి ఆట కూడా వీటితోనేనట."

మాణిక్యం మెలే మెడలోని దండ వంక చూసింది. నార అప్పుడే ఎండుతోంది. వాళ్లు నాలుగు గెంతులు గెంతితే ఊరంతా చూస్తుండగా ఇరవై నాలుగు దండలూ రాలిపోతాయి. ఎవరు కట్టారంటే చెప్పడానికి ఒక్కటే పేరు.

"బస్సుకి పోదాం పదవే" అని గొణిగాడు గున్నేశ్వరరావు. "తెగితే పువ్వులదే తప్పంటారు."

మాణిక్యం అలవాటుగా పక్కకి చూసింది. మొట్టికాయ వేసేవాళ్లు ఎవరూ లేరు. తిన్నగా మాష్టారి దగ్గరికి వెళ్లింది.

"నాదో తప్పుందండి. అవి అరనిమిషం దండలండి. ఆడితే ఒక్కటీ నిలవదు. ఇప్పించారంటే మళ్లీ కట్టేస్తాను."

మాష్టారు గడియారం చూశారు. రెండున్నర. పిల్లల్ని అడిగితే మెలే రెండు చేతులూ దండ మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. వేసినావిడ ఎదురుగా ఉండగా ఎలా తీస్తాం? మిగతావాళ్లదీ అదే మాట. మాష్టారు బతిమాలారు. చివరికి మెలే ఏదో అంది, అందరూ నవ్వారు.

"ఏమంటందండి?"

"దండలేసిన మనిద్దరినీ గోడవైపు తిరగమంటోందమ్మా. మనం చూడకపోతే తీస్తారట."

ఇరవై ఐదేళ్లుగా పిల్లల్ని గోడవైపు నిలబెట్టిన చంద్రరావు మాష్టారు, మాణిక్యం పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డారు. వెనక ఒకటే కిలకిలలు. "ఇటు చూడమాకే, ఇంకా ఐదున్నాయి" అంటూ గున్నేశ్వరరావు గంప పట్టుకుని తిరిగాడు.

ఆపైన అతన్నే చేమంతులకీ, గట్టి నూలుదారానికీ బజారుకి తరిమింది. దేవుడి కట్టు మొదలైంది. ముడి పక్కనే ముడి, మెడ వెనక కూడా పూలు. పిల్లలు చుట్టూ చేరారు. మెలే సంచిలోంచి జానెడు సూది తీసి పువ్వు నడిమికి గుచ్చింది.

"పువ్వుని పొడుస్తావేంటే పిల్లా" అని మాణిక్యం విలవిల్లాడింది. మాట అర్థం కాకపోయినా మెలే నవ్వి, ఈసారి దారం తన బొటనవేలికి తగిలించుకుని చిక్కు పెట్టుకుంది. సియోనె తన కాలు చాపాడు. ఆ ఒక్క వేలికి ముగ్గురి దారాలు పట్టాయి.

ఆరింటికి కొత్త కట్టు దండలతో ఆట మొదలైంది. దుంగల మీద కర్రలతో వాయిస్తుంటే హాలు అదిరింది. మాణిక్యం ముడుల్నే చూస్తూ కూర్చుంది. సియోనె రొమ్ము చరుచుకుని ఎగిరితే ఒక చేమంతి రాలింది. ఒకటే.

"ముడులు కాదే, ఆట చూడు" అన్నాడు గున్నేశ్వరరావు. మూడో పాటకి గానీ ఆమె ఆట చూడలేదు. చూశాక ఇంక కళ్లు తిప్పలేదు.

అయ్యాక మెలే ఒక దండ తెచ్చింది, సూదితో తను గుచ్చినది. మాణిక్యం మెడలో వేసి, బుగ్గకి బుగ్గ ఆనించింది. మాణిక్యం చేతులు వాటంతటవే దండ తీయడానికి లేచాయి. మెలే చూస్తోంది. చేతులు దిగిపోయాయి.

బస్సులో కండక్టరు "ఏంటమ్మా, సన్మానమా?" అన్నాడు.

"ఆయ్" అంది.

మర్నాడు మార్కెట్లో ఆ వాడిన దండతోనే కూర్చుంది.

"ఆ పిల్ల రైలెక్కి పోయుంటాదే. ఇంక తియ్యి" అన్నాడు గున్నేశ్వరరావు.

"ఏదైనా మర్చిపోయి వెనక్కొస్తేనో?"

ఆ రోజు తణుకులో ఎవరో గుమాస్తా గారి రిటైర్మెంటుకి ఒక దండ చెప్పారు. మాణిక్యం బొటనవేలికి నార తగిలించి, ముడి పక్కన ముడి వేసుకుంటూ పోయింది. మెడ వెనక కూడా పూలు పెట్టింది.

"అరనిమిషం దండకి అంత కట్టెందుకే?" అన్నాడు గున్నేశ్వరరావు.

"ఏమో" అంది మాణిక్యం, బస్సుల వంక చూస్తూ. "ఆయన ఉంచుకుంటాడేమో."