పంచాయితీ అనుకుని పోయిన గది

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా, నేను ఈరోజు మీ ముందు తూలకుండా నిలబడ్డానంటేనే సగం సాక్ష్యం చెప్పినట్టు!

నా పేరు ఏసుపాదం. పేరుకు ఏసుపాదమే గానీ, ఆరేళ్లపాటు ఈ పాదాలకు తెలిసిన దారి ఒక్కటే, మా వీధి చివరి బెల్టు షాపు. మేం నేతపనివాళ్లం. మగ్గం మీద పడుగు రంగూ పేక రంగూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలిస్తేనే చీర మీద చిలక చిలకలా పడుతుంది. నా చేతులేమో పొద్దున లేవగానే వణికేవి, ఒక గుక్క పడితే గానీ చేతులు నిలిచేవి కావు, ఆ గుక్క పడ్డాక చూపు నిలిచేది కాదు, అలా నేను నేసిన చిలకలకు ముక్కు ఒక దిక్కు, తోక ఒక దిక్కు!

నా భార్య పేరు సువార్త. ఆ సువార్తకు ప్రతి సాయంత్రం ఇంటికొచ్చే దుర్వార్తను నేను. మా బిడ్డ కరుణకు బడిలో బహుమతి ఇస్తున్న రోజు నేను తాగి వెళ్లి, ముందు వరుసలో కూర్చుని, బిడ్డ పేరు పిలిచే వేళకు గురక పెట్టాను. మర్నాడే సువార్త సంచి సర్దింది.

“నీకు మగ్గం వద్దు, బిడ్డ వద్దు, మందే ముద్దు. ఇగ నన్ను పిలవకు,” అని బిడ్డను తీసుకుని కట్టంగూర్‌లో తల్లిగారింటికి పోయింది. నన్ను తిట్టే మనిషి కూడా లేని ఆ ఇంట్లో మోకరించి, “ప్రభువా, మానుడు నాతోని కాదు, నువ్వే మాన్పియ్యి, గా ఇద్దరిని నాకు మళ్ల ఇయ్యి,” అని ఏడ్చాను.

మూడోనాడు నా బామ్మర్ది రత్నం వచ్చాడు. “బావా, గురువారం పొద్దుగూకే యాళ్లకు కట్టంగూర్ రా. చర్చి ఎనుక గదిల అందరు కూసుంటరు. నీ మాట నువ్వు చెప్పుకోవాలె,” అని అంతకంటే ఒక్క ముక్క చెప్పకుండా పోయాడు. మా దిక్కు ఆ మాటలు వింటే ఎవరికైనా ఒకటే అర్థమవుతుంది, పంచాయితీ! ఆలుమగల మధ్య చెడితే రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుంటారు, తప్పు తేలుస్తారు, ఒక్కోసారి విడిపొమ్మని చెప్పి లేస్తారు. నా తరఫున మాట్లాడే పెద్దమనిషి కావాలి కదా, నా తాగుడు చూసి చుట్టాలందరూ దూరమయ్యారు, మిగిలింది నాతో కలిసి తాగే మా దానియేలు చిన్నాయిన ఒక్కడే!

“ఫికర్ జెయ్యకు కొడుకా, నీ అసుంటి మంచోడు మండలంల లేడని చెప్త,” అన్నాడు చిన్నాయిన, ఆ మాట గట్టిగా చెప్పడానికి ధైర్యం కావాలని దారిలో ఒకటి వేశాడు కూడా. నేను మాత్రం ఆ పూట ముట్టలేదు, వాసన వస్తే ఓడిపోతానని!

గదిలో గుండ్రంగా కుర్చీలు, చేతుల్లో చాయ్ గ్లాసులు. సువార్త లేదు, మామ లేడు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన లేచి, “నా పేరు రాజన్న. నేను తాగుబోతును. దేవుని దయతోని గియ్యాల కూడ తాగలే,” అన్నాడు. నాకంటే ముందు ఈయన కేసు ఉందేమో అనుకున్నాను. తర్వాత ఒక ఆటో డ్రైవర్ లేచాడు, అదే మాట. మూడో ఆయనా అదే మాట. ఇక చిన్నాయిన ఉండబట్టలేక లేచాడు.

“అందరు తప్పు ఒప్పుకునేటోళ్లే ఉన్నరు, తీర్పు జెప్పే పెద్దమనుషులేరయ్యా?”

గది గదంతా నవ్వింది! రాజన్న కళ్లు తుడుచుకుంటూ, “గీడ తీర్పు జెప్పేటోడు ఎవడు లేడు పెద్దాయినా, అందరం ముద్దాయిలమే. కూసో, చాయ్ తాగు,” అన్నాడు. అది పంచాయితీ కాదు, తాగుడు మానాలనుకునేవాళ్లు వారం వారం కలుసుకునే మీటింగ్ అని అప్పుడు తెలిసింది.

సహోదరులారా, నేను దారి పొడుగునా బట్టీ పట్టిన జవాబులన్నీ అక్కడే కరిగిపోయాయి. లేచాను. “నా పేరు ఏసుపాదం. నేను తాగుబోతును.” ఆరేళ్లలో మనుషుల ముందు నా నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అది! లోకానికి తీర్పు తీర్చవలసిన ప్రభువే ముద్దాయిల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడని ఆ క్షణంలో నాకు తెలిసింది. దేవునికే మహిమ! పక్కన చిన్నాయిన మళ్లీ లేచాడు. “గీని తరఫున మాట్లాడనీకి వచ్చిన. నా తరఫున మాట్లాడేటోడు ఎవడన్న ఉన్నడా?” రాజన్న వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

ఒక్కరోజులో అంతా అయిపోలేదు. వణుకు, చెమటలు, నల్లగొండ దవాఖానలో మందులు, మధ్యలో ఒకసారి మళ్లీ తాగి జారిపడ్డాను కూడా, సిగ్గుతో తిరిగి వెళితే నా కుర్చీ నాకే ఉంచారు. రోజూ ఒకటే ప్రార్థన: “ప్రభువా, రేపటి సంగతి రేపు మాట్లాడుకుందాం, ఈ ఒక్కరోజు నా చెయ్యి వదలకు.” సువార్త ఉన్న ఇల్లు ఆ గదికి రెండు సందుల అవతలే, అయినా పిలవకు అన్న మాటకు కట్టుబడి ఒక్కసారి కూడా ఆ గడప దిక్కు పోలేదు.

ఒక గురువారం మీటింగ్ అయి బయటికి వస్తే, వేపచెట్టు కింద సువార్త, పక్కన కరుణ, కరుణ చేతిలో సంచి!

“వారం వారం గీ చెట్టు కింద నిలబడి చూస్తున్న. ఎట్ల తూలకుండ నడిచి వస్తున్నవో గట్లనే నడిచి పోతున్నవ్. ఇగ నడువయ్యా, ఇంటికి పోదాం.”

నేను స్తోత్రం అనేలోపే బిడ్డ అన్నది!

ప్రియులారా, ఆయన నమ్మదగినవాడు. మీలో ఎవరికైనా నా కథ సొంత కథలా వినిపిస్తే ఆలస్యం చెయ్యకండి, ఆ గది తలుపు గురువారం సాయంత్రం తెరిచే ఉంటుంది, తాగి వచ్చినా కూర్చోబెడతాం. లోపలికొచ్చి మీ పేరు ఒక్కటి చెప్పండి చాలు, మిగతాదంతా ఆయనకు ముందే తెలుసు, తెలిసే పిలుస్తున్నాడు. ఆమేన్!