కిటికీలోంచి చాచిన చేయి

నా చిన్నప్పుడు మా ఇంటి తలుపుకు గొళ్లెం బయటి నుంచి పెట్టేవాళ్లు, లోపల నేనుండగానే. నర్మెట్ట దగ్గరి పల్లె మాది. పొద్దున్నే అమ్మ సద్ది కట్టుకుని, బాపు నాగలి భుజాన వేసుకుని చెలకకు బయలుదేరేవాళ్లు. పోతూ పోతూ బాపు తలుపు దగ్గరికి లాగి గొళ్లెం వేసేవాడు. ఆ ఇనుప చప్పుడు తర్వాత వాళ్ల చెప్పుల చప్పుడు కాసేపు వినిపించేది. ఆ తర్వాత ఏమీ ఉండేది కాదు.

అంతకుముందు మా ఇల్లు అలాంటిది కాదు. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది మా అక్క, లారీ మీద పనిచేసే ఒక అబ్బాయితో భూపాలపల్లి దిక్కు వెళ్లిపోయింది. బాపు నాలుగు ఊళ్లు తిరిగి వచ్చాడు. వాళ్లు పెళ్లి చేసుకున్నారని తెలిశాక వెతకడం మానేశాడు. హోటల్‌కు పోయి చాయ తాగడం మానేశాడు. అక్క పేరు ఎత్తడం కూడా మానేశాడు. ఆ పేరు మా ఇంట్లో అందరం అన్నానికి కూర్చున్నప్పుడు కూడా ఎవరూ పలకలేదు. అక్క వెళ్లిన కొన్నాళ్లకు, నేను బడి సంచి భుజాన వేసుకుని గడప దాటబోతుంటే బాపు ఆ సంచి తీసి చిలక్కొయ్యకు తగిలించాడు. తిట్టలేదు, కొట్టలేదు. "ఇంట్ల ఉండు" అన్నాడు, అంతే.

రెండు అర్రలు, వెనక చిన్న పెరడు, పెరటి చుట్టూ నా ఎత్తుకు రెండింతల గోడ. వీధి వైపు ఒక కిటికీ. బియ్యంలో రాళ్లు ఏరడం, అలుకు చల్లడం, పశువుల కుడితి కలపడం పొద్దెక్కేలోపే అయిపోయేవి. ఆ తర్వాత బడి గంట వినిపించేది. ఆ గంటను బట్టి ఇప్పుడు లెక్కల సారు వచ్చి ఉంటాడు, ఇప్పుడు అందరూ నీళ్లకు పరిగెత్తి ఉంటారు అనుకుంటూ కూర్చునేదాన్ని. మొదట్లో కిటికీలోంచి పోయేవాళ్లను పిలిచేదాన్ని. వాళ్లు ఆగి జాలిగా చూసేవాళ్లు, లేదంటే మా అక్క సంగతి అడిగేవాళ్లు. అందుకని పిలవడం మానేశాను. క్రమంగా మాటే తగ్గిపోయింది. సాయంత్రం అమ్మ వచ్చి ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి గొంతు వెతుక్కోవాల్సి వచ్చేది. ఏ తప్పూ చేయకుండానే నాలో ఏదో తప్పు ఉందన్న నమ్మకం నెమ్మదిగా నాలో పాతుకుపోయింది.

మా పక్కింట్లో ఒకామె కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది, ఆమెనూ అక్కా అనే పిలిచేదాన్ని. జనగామ హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు అక్కడ స్కౌట్ల లాంటి ఆడపిల్లల దళంలో చేరిందట. ఊరికి తిరిగి వచ్చాక తనే మా బడి పిల్లలతో అలాంటి దళం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున పిల్లలను పోగేసి ఆటలు, పాటలు, ముడులు వేయడం, దెబ్బలకు కట్టు కట్టడం నేర్పేది. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. నేనూ ఆ దళంలో ఉండేదాన్ని. నేను వరుసగా రాకపోయేసరికి ఒక ఆదివారం మా కిటికీ దగ్గరికి వచ్చింది.

పక్కింటి అక్కను చూడగానే ఊచలు పట్టుకుని ఏడ్చాను. బయట ఉన్నది ఉత్త గొళ్లెమే, తాళం లేదు. ఎవరైనా చెయ్యి ఎత్తి తీయొచ్చు.

"గొళ్లెం తీయక్కా, నీ కాళ్లు మొక్కుత. బాపు వచ్చేటాళ్లకు మల్ల లోపల్కి వస్త."

అక్క తలుపు వైపు చూసింది. "తీస్తే నిమిషం పని" అంది. "రేపు మీ బాపుకు తెలుస్తది. ఎల్లుండి తాళం కొనుకొస్తడు. గప్పుడేం జేద్దాం చెప్పు? నేను దొంగతనంగ తీయ. ఏసినోడే తీయాలె."

నాకు ఒళ్లు మండిపోయింది. తీయగలిగిన చెయ్యి అంత దగ్గరగా ఉండి తీయకపోవడం, ఎవరూ రాకపోవడం కంటే ఘోరంగా అనిపించింది. కిటికీ రెక్కలు ఆమె ముఖం మీదే మూసేశాను. చీకట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాను. సాయంత్రం బాపు గొంతుతో పాటు అక్క గొంతు వినబడితే గాని ఆమె అరుగు మీదే కూర్చుండిపోయిందని నాకు తెలియలేదు.

"కాకా, పిల్లను ఆదివారం ఒక్కపూట పంపుండ్రి."

బాపు కాళ్లు కడుక్కుంటూ తలెత్తకుండానే అన్నాడు. "మా ఇంట్ల ఏమైందో నీకు తెల్వదా బిడ్డా? పో. మల్ల అడుగకు."

"మంచిది కాకా, అడుగ. మీ అరుగు మీద కూసుంటే ఏమన్న అంటరా?"

"అరుగు మీద కూసుంటే ఎవలొద్దంటరు?"

ఆ మాట చాలింది ఆమెకు. మరుసటి ఆదివారం అమ్మా బాపూ చెలకకు పోయాక దళం మొత్తం మా అరుగు మీద వచ్చి కూర్చుంది.

నిజం చెప్పాలంటే మొదట్లో అది నాకు మేలు కంటే బాధే ఎక్కువ చేసింది. వాళ్లు వీధిలో ఉరికేవాళ్లు, నేను బియ్యం డబ్బా మీద నిలబడి ఊచల్లోంచి చూసేదాన్ని. ఆట అయిపోయి వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు ఇంకా ఇరుకైనట్టుండేది. రావద్దని చెప్పాలనుకున్నాను. అక్క మాత్రం ప్రతి ఆటలోనూ, ప్రతి పాటలోనూ కిటికీ వైపు తిరిగి నాకో పని చెప్పేది. పాట నువ్వందుకో అనేది. తాడు ఒక కొస ఊచల్లోంచి లోపలికి వేసి, ముడి నువ్వు వెయ్యి, విప్పడం వీళ్ల వంతు అనేది. ఎవరికీ విప్పరాని ముడి వేయాలన్న పంతంతో నేను వారమంతా పశువుల పలుపుతాడు మీద సాధన చేసేదాన్ని. గొంతు తిరిగి వచ్చింది.

అలా ఉండగా ఒక ఆదివారం అక్క, విరిగిన చేతికి కట్టు కట్టడం నేర్పుతానంది. "నీ చెయ్యి బయటపెట్టు" అంది నాతో. భుజం దాకా చేయి ఊచల మధ్య నుంచి చాచాను. ఒక పిల్ల మణికట్టు పట్టుకుంది, ఒక పిల్ల మోచేయి కింద చెయ్యి పెట్టింది. ఎంతో కాలానికి నా ఈడు పిల్లల చేతులు నన్ను తాకాయి. చేతికి అటూ ఇటూ కందికట్టెలు పెట్టి, అక్క కుట్టుమిషను దగ్గర మిగిలిన గుడ్డపేలికలతో చుట్టారు. ఆ రోజు తెచ్చిన పేలికలు ఎర్రవి.

అదే పూట చెలకలో నాగలి కర్రు విరిగిందట. బాపు మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టాడు. వీధి మలుపు తిరిగేసరికి ఆయనకు కనిపించింది ఇదీ: మా కిటికీ చుట్టూ మూగిన పిల్లలు, ఊచల్లోంచి వేలాడుతున్న నా చేయి, దాని మీద కట్టెలు, ఎరుపు.

నాగలి నేల మీద పడిన చప్పుడు విన్నాను. బాపు పరిగెత్తుకొస్తున్నాడు. చేయి లోపలికి లాక్కోబోతే కందికట్టెలు ఊచలకు అడ్డం పడ్డాయి. ముందుకూ వెనక్కూ రాదు. తలుపు దగ్గర గొళ్లెం గలగలమంటోంది. రోజూ ఆయన చేతికి అలవాటైన గొళ్లెమే. ఆ పూట ఎంతకీ ఊడి రాలేదు. ఇవాళ నా వీపు పగులుతుందనుకున్నాను. కదలడానికి లేదు, తల తిప్పి చూడడానికి లేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

తలుపు తెరుచుకుంది. వెనక నుంచి నా భుజాలు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

"ఏమైంది బిడ్డా? ఎట్ల ఇరిగింది? ఎప్పుడు వడ్డవే?"

బయటి నుంచి అక్కే చెప్పింది. "ఏం కాలె కాకా. ఉత్తగ గట్టినం, నేర్సుకునేతందుకు. చెయ్యి మంచిగనే ఉన్నది."

కోపం వస్తుందని అందరం ఎదురుచూశాం. బాపు నా పక్కనే నేల మీద కూలబడ్డాడు. తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. "నిజంగ ఇరుగుతే?" అన్నాడు, నాతోనో తనతోనో. "పొద్దుమూకేదాక గిట్లనే పడి ఉంటుంటివి గద బిడ్డా. నేనే గద ఏసి పోయింది."

పక్కింటి అక్క ఊచల అవతల నుంచి పేలికలు ఒక్కొక్కటే విప్పుతోంది. కట్టెలు తీసి నా చేయి లోపలికి పంపే వేళకు బాపు మెల్లగా అన్నాడు.

"మీ అక్కకు ఏమన్నయితే ఆడ ఎవలు జూస్తున్నరో."

మా సొంత అక్క ఇల్లు విడిచి వెళ్లిపోయాక ఆమె గురించి బాపు అన్న మొదటి మాట అది.

అంతటితో అన్నీ చక్కబడ్డాయని చెప్పను. మరునాటి నుంచి గొళ్లెం పడలేదు గాని బడికి పంపడానికి చాలా రోజులు పట్టింది. ఆదివారాలు పని మానుకుని అరుగు చివర కూర్చుని, దళంలో ఎవరు ఏం చేస్తున్నారో అనుమానంగా చూస్తుండేవాడు. ఆ తర్వాత పిల్లలకు తాడు తనే పేని ఇచ్చాడు. వానాకాలం ముగిశాక అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని బస్సులో భూపాలపల్లికి తీసుకుపోయాడు. మా అక్క మమ్మల్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. బాపు లోపలికి పోలేదు. వాకిట్లో కూర్చుని నీళ్లడిగాడు. అక్క చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగాడు. ఆ రోజుకు అంతే.

పెద్దయ్యాక పక్కింటి అక్కను అడిగాను, బాపు చూడాలనే నా చేతికి కట్టు కట్టించావా అని. ఆమె మిషను ఆపి నవ్వింది. "ఎప్పుడన్న ఒకనాడు చూస్తడనుకున్న. గట్ల ఉరికొస్తడనుకోలె" అంది.

ఆ గదిలో ఉన్నన్నాళ్లూ బంధించబడ్డది నేనొక్కదాన్నే అనుకున్నాను. భుజాల మీద ఆ వణుకు తగిలాక తెలిసింది, అవతలి వైపు మనిషి నాకంటే ఎక్కువ భయంతో బతుకుతున్నాడని. దానివల్ల ఆయన చేసింది న్యాయమైపోదు. నేను పోగొట్టుకున్న ఏడాది తిరిగి రాలేదు, తోటివాళ్ల కంటే వెనకబడే చదివాను. కానీ మాట్లాడాల్సింది గొళ్లెం వేసినవాళ్లతోనేనని, కూర్చోవాల్సింది వాళ్ల అరుగు మీదేనని ఆ రోజే నేర్చుకున్నాను.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. జనగామలో ఆడపిల్లల దళం ఒకటి నడిపేవాళ్లకు చేతనైన సాయం చేస్తుంటాను. ఏ పిల్లయినా రావడం మానేస్తే వాళ్లింటికి వెళ్తాను. కొట్టే ఇళ్లూ, చిన్నపిల్లకు లగ్గం పెట్టే ఇళ్లూ అయితే అరుగు మీద కూర్చోను, వెంటనే పిలవవలసిన వాళ్లను పిలుస్తాను. మిగతా చోట్ల మాత్రం పిల్లను పంపమని అడగడానికి ముందు, పెద్దవాళ్లను ఒకటే అడుగుతాను, దేనికి భయపడుతున్నారని. కొందరు కసురుకుంటారు. కొందరు తలుపు వేసుకుంటారు.

మొన్న జఫర్‌గఢ్ దగ్గర ఒక తండ్రిని అలాగే అడిగాను. బిడ్డ ఫోన్ గుంజుకుని, కాలేజీ మాన్పించిన మనిషి. నా ముఖం చూడకుండానే మంచం మీద కొంచెం పక్కకు జరిగి, "జర గిట్ల కూసో అక్కా, చెప్త" అన్నాడు.